సొరుగు అడుగు చెక్క చెప్పేది

1970లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో హెన్రీ ఫోర్డ్ మ్యూజియం ఒక పాత కుర్చీని 9,000 డాలర్లకు కొన్నది. తరిమెన పట్టిన లావుపాటి కోళ్లు, వాటి మధ్య వరసలు తీరిన సన్న కడ్డీలు. వీపు, చేతులు, పక్కలు అన్నీ గుండ్రటి కొయ్యలే. 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చి ప్లిమత్‌లో స్థిరపడిన విలియం బ్రూస్టర్ పేరుతో పిలిచే కుర్చీల కోవలోది అది. ఆ రకం కుర్చీ ఒకటి ప్లిమత్‌లోని పిల్‌గ్రిమ్ హాల్‌లో, మరొకటి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. అంత అరుదైన వస్తువు ఇంకొకటి దొరికిందని నమ్మారు. 1977లో అసలు సంగతి బయటపడింది. రోడ్ ఐలండ్ శిల్పి అర్మాండ్ లామాంటేన్ 1969లో స్వయంగా చేసి, పాతబడినట్టు తయారు చేసిన కుర్చీ అది. పైరూపం, రంగు, అరుగుదల అన్నీ నిపుణుల కంటికి సరిపోయాయి. పట్టిచ్చింది కడ్డీలు దూర్చిన బెజ్జాల లోపలి ఆకారం. 17వ శతాబ్దపు బరమా మొన చెంచాలా ఉంటుంది కాబట్టి అది తొలిచిన బెజ్జం అడుగు గుండ్రంగా వస్తుంది. ఇప్పటి బరమా వేరే గుర్తు వదులుతుంది. ఎక్స్‌రేలో కనబడింది ఆ కొత్త గుర్తే.

ఈ సంఘటనను మోసం కథగా చెప్పి ఊరుకుంటారు. నాకు ఇది తొలి అమెరికా కొయ్య సామాను గురించిన చర్చ మొత్తానికి తాళంచెవి. గత 130 ఏళ్లుగా ఈ విషయం మీద వచ్చిన రచనలను వరసగా చూస్తే, వస్తువు ముఖం చూసి రాసినవాటిలో చాలా భాగం నిలవలేదు. అతుకులు, సొరుగు అడుగు, వీపు చెక్క, కొయ్య జాతి చూసి రాసినవి నిలిచాయి. పనివాడి నేర్పు ఏమిటో తెలిసేది కూడా అక్కడే. ఎంత శ్రమ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ చెయ్యి ఆపాలి అన్న లెక్కలో అది ఉంది. ఆ శ్రమ లెక్కలో పనిశాలకు వందల మైళ్ల దూరాన, అడవిలో గొడ్డలి పట్టిన మనుషులూ చేరాలి. వాళ్ల సంగతి చరిత్రకారులకు చాలా ఆలస్యంగా గుర్తొచ్చింది.

మొదటి తరం పుస్తకాల్లో అర్వింగ్ లయన్ 1891లో ప్రచురించిన న్యూ ఇంగ్లండ్ సామాను చరిత్ర ఇప్పటికీ గౌరవించదగ్గది. ఆయన హార్ట్‌ఫర్డ్‌లో వైద్యుడు. చనిపోయినవారి ఆస్తి జాబితాలను కోర్టు రికార్డుల్లోంచి తీసి, ఏ వస్తువును ఏ కాలంలో ఏమని పిలిచారో చూశాడు. తర్వాత వచ్చిన ల్యూక్ విన్సెంట్ లాక్‌వుడ్, వాలెస్ నట్టింగ్ వంటివారు మరింత మందిని చేరారు గాని, వారి దృష్టి వేరు. నట్టింగ్ చర్చి బోధకుడిగా ఉండి ఫొటోల వ్యాపారంలోకి, అక్కడి నుంచి పాత నమూనాల సామాను తయారీలోకి వచ్చినవాడు. ఆయన 1921 పుస్తకంలో ఓక్ పెట్టెలు పూర్వీకుల సచ్ఛీలానికి గుర్తులు. 1924లో మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రత్యేకంగా అమెరికన్ వింగ్ తెరిచినప్పుడు కూడా అదే ధోరణి. కొత్తగా వలస వచ్చిన జనం ఈ గదులు చూసి అసలైన అమెరికా విలువలు నేర్చుకోవాలన్న మాట అప్పట్లో బాహాటంగా వినిపించింది. అదే ఏడాది వచ్చిన వలస చట్టం ఆసియా వారిలో చాలామందికి తలుపులు మూసింది. పాత కుర్చీల మీద పెరిగిన ప్రేమను ఆ కాలపు భయాల నుంచి వేరు చేసి చదవడం సరికాదు.

ఆ ప్రేమ వస్తువులకు చేసిన హాని ఇంకొకటి ఉంది. 17వ శతాబ్దపు పెట్టెలు చాలావాటికి మొదట ఎరుపు, నలుపు రంగులు ఉండేవి. చెక్కడం లోతుల్లో, అంచుల కింద ఆ రంగు అవశేషాలు ఇప్పుడు పరీక్షల్లో దొరుకుతున్నాయి. కొయ్య సహజమైన గోధుమ రంగే గొప్పదని నమ్మిన సేకర్తలు వాటిని గీకించి మెరుగు పెట్టించారు. మ్యూజియంలో మనం చూసి 'ప్రాచీన గాంభీర్యం' అనుకునేది చాలాచోట్ల 20వ శతాబ్దపు అభిరుచి.

ఇక ఆ పెట్టెలు ఎలా చేశారన్నది. మసాచుసెట్స్‌లోని ఇప్స్‌విచ్‌లో థామస్ డెన్నిస్ అనే వడ్రంగి ఉండేవాడు. 1706లో చనిపోయాడు. అతనికి ముందు అదే ఊళ్లో విలియం సర్ల్ ఉన్నాడు. సర్ల్ పోయాక అతని భార్యను డెన్నిస్ పెళ్లాడాడు. సర్ల్ ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతం వాడు. అక్కడి చర్చిల కొయ్యపని మీద కనిపించే తీగల మెలికలు, ఆకుల వరసలు ఇప్స్‌విచ్ పెట్టెల మీద దిగాయి. చెక్కడం బాగున్న ప్రతి పెట్టెనూ డెన్నిస్‌దే అన్న కాలం ఒకటి గడిచింది. ఇప్పుడు పరిశోధకులు ఆ జాబితాను బాగా కుదించారు.

ఈ పెట్టెల ముడిసరుకు రంపపు కోతకు లొంగిన పలక కాదు, చీల్చిన ఓక్. పచ్చి దుంగ చివర ఇనుప మేకులు దిగ్గొట్టి రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా విడదీస్తారు. తర్వాత ఫ్రో అనే పొడవాటి మొద్దు కత్తిని నడినెత్తిన ఆనించి, కొయ్య సుత్తితో కొట్టి, పిడిని తిప్పి ఇంకా పలచగా చీలుస్తారు. చీలిక ఎప్పుడూ చెట్టు నడి చేవ నుంచి బెరడు వైపు పోతుంది. అలా వచ్చిన పలకలో నార ఎక్కడా తెగదు. ఎండేటప్పుడు కూడా తక్కువ కుంచించుకుంటుంది. ఓక్ వంటి కొయ్య వలయాల వెంట కుంచించుకునేది, నడిబొడ్డు నుంచి బయటికి కుంచించుకునే దానికి దాదాపు రెట్టింపు. రంపంతో అడ్డదిడ్డంగా కోసిన పలక వంకర తిరగడానికి కారణం ఈ తేడానే. చీల్చిన పలకకు ఆ బాధ తక్కువ. పైగా పచ్చి ఓక్ ఉలికి మెత్తగా తెగుతుంది, ఎండితే రాయి.

చట్రం కట్టేటప్పుడు ఒక కొయ్య చివరను పలచగా చెక్కి రెండో కొయ్యలో తొలిచిన బెజ్జంలో దించుతారు. బంక వాడరు. రెంటికీ అడ్డంగా వేసే చీల బెజ్జాలను కావాలనే వెంట్రుకవాసి ఎడంగా తొలుస్తారు. బాగా ఎండిన ఓక్ చీలను కొట్టగానే అది వంగుతూ దూరి, అతుకును లోపలికి లాగి బిగిస్తుంది. మధ్యలో ఉండే పలకను గాడిలో వదులుగా నిలబెడతారు, ఎండాకాలం వానాకాలం కదలడానికి చోటు ఉండాలి కాబట్టి. 350 ఏళ్ల తర్వాత ఆ అతుకులు ఇంకా బిగువుగా ఉన్నాయి.

ఇదంతా పుస్తకాలు చదివి కూర్చుంటే తెలిసేది కాదు. బాల్టిమోర్‌లో న్యాయవాదిగా ఉన్న జెన్నీ అలెగ్జాండర్, ప్లిమత్‌లోని పునర్నిర్మిత గ్రామంలో ఏళ్ల తరబడి వడ్రంగిగా పనిచేసిన పీటర్ ఫోలన్స్‌బీ కలిసి, పాత స్టూళ్ల అతుకులు పరిశీలించి, చెట్టు నుంచి మొదలుపెట్టి అలాంటివి చేసి చూశారు. వారి పుస్తకం 2012లో వచ్చింది. 1678 నుంచి లండన్‌లో జోసెఫ్ మోక్సన్ అచ్చువేసిన పనివిద్య గ్రంథంలో అస్పష్టంగా ఉన్న చోట్లకు ఈ చేతి ప్రయోగాలు అర్థం చెప్పాయి. ఈ రంగంలో నేను అన్నిటికంటే ఎక్కువగా విలువ ఇచ్చేది ఇలాంటి పనికే.

కొయ్య జాతి గుర్తుపట్టడం మరో మలుపు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో కలప శాస్త్రం బోధించిన ఆర్. బ్రూస్ హోడ్లీ, గోరంత ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి జాతి తేల్చే పద్ధతిని మ్యూజియంలకు అలవాటు చేశాడు. అంతకు ముందు ఒక ఓక్ పెట్టె ఇంగ్లండ్‌దా అమెరికాదా అన్నది వాదోపవాదాల మీద నడిచేది. ఇంగ్లండ్‌లో సహజంగా పెరిగే ఓక్‌లన్నీ తెల్ల ఓక్ తెగవే, ఎర్ర ఓక్ తెగ అమెరికా ఖండానిది. న్యూ ఇంగ్లండ్ వడ్రంగులకు ఎర్ర ఓక్ ఇష్టం, అది సాఫీగా చీలుతుంది. పెట్టెలో ఎర్ర ఓక్ కనబడితే వాదం అక్కడితో ముగిసినట్టే. తెల్ల ఓక్ అయితే మాత్రం సూక్ష్మదర్శిని ఖండం పేరు చెప్పలేదు.

అంతకన్నా పనికొచ్చే సాక్ష్యం లోపలి కొయ్యలది. ముఖానికి వాల్‌నట్, చెర్రీ, మేపుల్, మహాగని ఏది వాడినా, సొరుగు పక్కలకూ వీపుకూ దగ్గర్లో చవకగా దొరికేదే వేసేవారు. బోస్టన్‌లో అయితే తెల్ల పైన్. న్యూపోర్ట్‌లో చెస్ట్‌నట్, ట్యులిప్ పాప్లర్. ఫిలడెల్ఫియాలో పాప్లర్‌తో పాటు సొరుగు అడుగులకు తెల్ల సెడార్. చార్ల్‌స్టన్‌లో బురదనేలల సైప్రస్, అది చెదకు లొంగదు. తెల్ల పైన్ చరిత్రలో రాజు ప్రమేయం కూడా ఉంది: 1691 మసాచుసెట్స్ శాసనపత్రం 24 అంగుళాలు, ఆ పైన అడ్డుకొలత ఉన్న చెట్లను నౌకాదళపు తెరచాప స్తంభాల కోసం ప్రత్యేకించింది. ఇక చెస్ట్‌నట్. 1904లో న్యూయార్క్‌లో గుర్తించిన ఒక శిలీంద్రపు తెగులు తర్వాతి 50 ఏళ్లలో తూర్పు అడవుల్లో దాన్ని దాదాపు తుడిచిపెట్టింది. ఒకప్పుడు ఎవరూ లెక్కచేయని సొరుగు చెక్క ఇప్పుడు కొనాలంటే పాత కొట్టాలు విప్పాలి.

అయితే కొయ్యను బట్టి ఊరు చెప్పడంలో ప్రమాదం ఉంది. ఎలిఫలెట్ చేపిన్ కనెటికట్ వాడు. 1760ల చివర్లో ఫిలడెల్ఫియా వెళ్లి పని నేర్చుకుని, 1771లో తిరిగి వచ్చి ఈస్ట్ విండ్సర్‌లో పనిశాల పెట్టాడు. అతని కుర్చీలు చెర్రీతో చేసినవి, అంటే కనెటికట్ కొయ్య. కాని పక్క పట్టీల కొసలు వెనక కోళ్లను చీల్చుకుని అవతలికి కనిపిస్తాయి. అది ఫిలడెల్ఫియా అలవాటు. కొయ్య ఊరిది, చెయ్యి వేరే ఊరిది. రెండూ చూడకుండా తీర్పు చెప్పకూడదు.

పనిముట్ల విషయానికి వస్తే అన్నిటికంటే విలువైనది లాంగ్ ఐలండ్‌లోని ఈస్ట్ హాంప్టన్‌లో తరతరాలుగా పనిచేసిన డొమినీ కుటుంబపు సామగ్రి. సామాను, గడియారాలు, గాలిమరలు అన్నీ చేశారు. వారి బల్లలు, తరిమెనలు, తోపడలు, నమూనా చెక్కలు, లెక్కల పుస్తకాలతో సహా డెలావేర్‌లోని వింటర్‌థర్ మ్యూజియానికి చేరాయి. 1968లో చార్ల్స్ హమ్మెల్ వాటి మీద రాసిన గ్రంథం, పల్లె వడ్రంగి బతుకును కళ్ల ముందు ఉంచింది. పొలం పని లేనప్పుడు కుర్చీ, కోతలప్పుడు చేటకు మరమ్మతు, మధ్యలో శవపేటిక. మ్యూజియంలో దీపాల కింద నిలబెట్టిన ఒక్క గొప్ప బీరువా ఈ బతుకు గురించి ఏమీ చెప్పదు.

ఉలులు, రంపాలు చాలావరకు ఇంగ్లండ్ నుంచి, ముఖ్యంగా షెఫీల్డ్ నుంచి వచ్చేవి. తోపడల కొయ్య భాగం మాత్రం ఇక్కడే చేయడం మొదలైంది. మసాచుసెట్స్‌లోని రెంథమ్‌లో ఫ్రాన్సిస్ నికల్సన్ ఆ పనికి పేరు పొందాడు. అతని పనిశాలలో సీజర్ చెలర్ అనే ఆఫ్రికన్ బానిస ఉండేవాడు. 1753లో నికల్సన్ చనిపోతూ వీలునామాలో చెలర్‌ను విడుదల చేసి, కొంత భూమి, పనిబల్ల, పనిముట్లు, కలప ఇచ్చాడు. ఆ తర్వాత 1784లో చనిపోయేదాకా చెలర్ తన పేరూ ఊరి పేరూ ముద్రవేసిన తోపడలు అమ్ముకుంటూ స్వతంత్రంగా బతికాడు. పసుపు బర్చ్‌తో చేసిన ఆ తోపడలు చాలా మిగిలాయి, వాటి అంచుల చెక్కుడు ఇప్పటికీ చేతికి హాయిగా ఉంటుంది. తన పేరు వస్తువు మీద వేసుకోగలిగిన నల్లజాతి పనివారు ఆ కాలంలో బహు కొద్దిమంది. మూల్డింగు కోసే ప్రతి తోపడా ఒక బీరువా అంచులో తన ఆకారం వదులుతుంది కనుక, ఎన్ని గొప్ప ఇళ్ల సామానులో చెలర్ చేతిపని కలిసిందో ఊహించవచ్చు.

ఇప్పుడు సొరుగు తిరగేసి చూద్దాం. 18వ శతాబ్దపు మంచి బీరువాలో సొరుగు అడుగున చెయ్యి ఆడిస్తే పల్లాలు, మిట్టలు తగులుతాయి. ముక్క ఎత్తును త్వరగా దించడానికి కొద్దిగా వంపు తిరిగిన అలుగున్న తోపడ పట్టి, అక్కడితో వదిలేశారు. మూలల్లో పావురం తోక ఆకారపు డవ్‌టెయిల్ అతుకుల పక్కన గీత గుర్తు అలాగే ఉంటుంది, రంపం కొంచెం లోతుగా పోయిన జాడ కూడా. వీపు చెక్క మీద రంపపుమిల్లు గాట్లు నిలువుగా సమాన దూరంలో కనిపిస్తాయి. న్యూ ఇంగ్లండ్‌లో నీటితో నడిచే రంపపుమిల్లులు 1630ల్లోనే వచ్చాయి. ముఖం మాత్రం నున్నగా గీకి, మెరుగు దిద్దినది.

దీన్ని నిర్లక్ష్యం అనడం తప్పు, ప్రతి అంగుళంలోనూ ప్రేమ కురిపించిన చేతిపని అని మురవడమూ తప్పు. ఫిలడెల్ఫియాలో 1772లో అచ్చయిన ధరల పట్టిక చూడండి. ఏ వస్తువు మహాగనితో ఎంత, వాల్‌నట్‌తో ఎంత, కూలి పనివాడికి ఎంత అన్నది వరసగా ఉంటుంది. గోళ్ల పాదానికి ఇంత అదనం, చెక్కడానికి ఇంత అదనం. బెంజమిన్ రాండల్ఫ్, థామస్ ఆఫ్లెక్ లాంటివారి పనిశాలల్లో చెక్కడం చేసేవారు వేరు, చట్రం కట్టేవారు వేరు, తరిమెన పట్టేవారు వేరు. కూలి ముక్కకు లెక్క. కనపడని చోట ఒక గంట ఎక్కువ పెడితే ఆ గంటకు డబ్బు రాదు. ఆ ఒత్తిడిలో కంటికి ఆనని కొలతలు తప్పకుండా, సొరుగు 250 ఏళ్లు జారేలా చేయడం నా దృష్టిలో అసలైన నైపుణ్యం. మెరుగు పెట్టిన ముఖం చూసి ఆశ్చర్యపడేవాళ్లు ఆ గరుకు వైపు చూస్తే ఇంకా ఆశ్చర్యపడతారు.

ఈ సూత్రానికి న్యూపోర్ట్ కొంత ఎదురు నిలుస్తుంది. టౌన్సెండ్, గొడార్డ్ కుటుంబాలు క్వేకర్ క్రైస్తవ శాఖవారు, పెళ్లిళ్లతో కలిసినవారు, ఒకే పేటలో పనిశాలలు. ముఖభాగాన్ని ఉబ్బు, లోతు, ఉబ్బుగా మలిచి పైన శంఖపు చిప్పల్లాంటి చెక్కడం దించే శైలి వారిది. జాన్ టౌన్సెండ్ చేసిన బీరువాల లోపల కూడా పని పొందికగా ఉంటుంది. సొరుగులకు అక్షరాల గుర్తులు, కాగితపు చీటీ మీద పేరు. అతని డవ్‌టెయిళ్లు చూస్తే దగ్గరి బంధువుల పనిశాలల మధ్య పోటీ ఎంత పదునుగా ఉండేదో అనిపిస్తుంది. యేల్ విశ్వవిద్యాలయంలో పాట్రిషియా కేన్ నడిపిన పరిశోధన, 2016 నాటి ప్రదర్శన ఈ రోడ్ ఐలండ్ వడ్రంగులను ఇద్దరు ముగ్గురు ప్రతిభావంతుల కథ నుంచి వందలాది పేర్ల చరిత్రగా విస్తరించాయి.

న్యూపోర్ట్ అందానికి మూలం మహాగని. 1721లో బ్రిటిష్ పార్లమెంటు అమెరికా వలసల కలప మీద దిగుమతి సుంకం ఎత్తేశాక జమైకా మహాగని వరదలా వచ్చింది. వెడల్పు పలకలు, చెదపట్టదు, చెక్కడానికి అనువు, మెరుగుకు నిప్పుకణికలా మెరుస్తుంది. పాత పుస్తకాలన్నీ ఈ గుణాల దగ్గర ఆగిపోయాయి. జెన్నిఫర్ ఆండర్సన్ 2012లో ప్రచురించిన మహాగని చరిత్ర ఇంకా ముందుకు, అడవి దాకా వెళ్లింది. జమైకాలో తీరం దగ్గరి చెట్లు 18వ శతాబ్దం గడిచేకొద్దీ అయిపోయాయి. కోత హోండూరస్ అఖాతం వైపు, నేటి బెలీజ్‌కు జరిగింది. అక్కడ కోసింది బానిసలు. చెట్లు వెతకడం ఒక్కో బృందంలో ఒకరి పని. అతను ఎత్తైన చెట్టెక్కి, ఆగస్టులో మహాగని ఆకు రంగు మారడం చూసి అడవిలో దాని చోటు గుర్తుపట్టేవాడు. తోపు తెలిసినవాడి జ్ఞానం మీద సీజను లాభమంతా నడిచేది. దుంగలను ఎడ్లతో లాగించడం రాత్రిపూట కాగడాల వెలుతురులో, పగటి ఎండకు పశువులు ఓర్చలేవు గనుక. వానలు రాగానే నదిలో వదిలేవారు. చెట్టు జాతిని, చేవను, వంపును అంత దూరం నుంచి చదివిన ఆ మనిషిని నేను వడ్రంగి కళలో భాగంగానే లెక్కవేస్తాను. ఇవాళ ఆంధ్ర, తెలంగాణ రైతులు గట్ల మీద నాటుతున్న మహాగని ఈ కుటుంబం చెట్టే.

1989లో క్రిస్టీస్ వేలంలో పుస్తకాల బీరువాతో కూడిన ఒక న్యూపోర్ట్ రాతబల్ల 1.21 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. అప్పటికి ఏ సామానుకూ అంత ధర పలకలేదు. చేయించుకున్నది ప్రొవిడెన్స్ వర్తకుడు నికలస్ బ్రౌన్. అతని కంపెనీ 1764లో శాలీ అనే ఓడను బానిసల కోసం పశ్చిమాఫ్రికా పంపింది. ఎక్కించిన 196 మందిలో కనీసం 109 మంది చనిపోయారు. ఆ ఓడ చరిత్రను బ్రౌన్ విశ్వవిద్యాలయమే తన నివేదికలో వివరంగా నమోదు చేసింది. రాతబల్ల చెక్కడం గురించి రాసే ప్రతి వ్యాసంలోనూ ఈ వాక్యాలు ఉండాలి. కొయ్యనూ సొమ్మునూ మనుషులనూ మోసింది ఒకే వ్యాపారం.

విండ్సర్ కుర్చీకి ఇంత బరువైన చరిత్ర లేదు, తెలివి మాత్రం ఎక్కువ. కూర్చునే చెక్క పాప్లర్ లేదా పైన్, కాళ్లు మేపుల్, వెన్ను కడ్డీలు హికరీ. ఏ భాగానికి ఏ గుణం కావాలో ఆ కొయ్య. ఎండిన కాలి కొనను కొంచెం తడి ఉన్న చెక్కలో దించితే, ఒకటి తడి పీల్చి ఉబ్బి, రెండోది ఆరి బిగుసుకుంటుంది. ఆపైన ఆకుపచ్చ రంగు పూసి ఆ కొయ్యల కలగలుపును కప్పేసేవారు. 1820ల తర్వాత గుండ్రటి రంపాలు, పొరల వెనీరు, కనెటికట్‌లో లాంబర్ట్ హిచ్‌కాక్ కర్మాగారం వచ్చాక వీపు చెక్క మీద గాట్లు నిలువు నుంచి విల్లు వంపుకు మారాయి. పాత సామాను కాలనిర్ణయానికి ఇప్పటికీ మొదట చూసేది ఆ వంపే.

దక్షిణ రాష్ట్రాల మీద దృష్టి మళ్లడానికి నార్త్ కరోలినాలోని విన్‌స్టన్-సేలంలో మెస్డా అనే దక్షిణాది అలంకార కళల మ్యూజియం చేసిన సేవ పెద్దది. ఆ రాష్ట్రంలోనే మిల్టన్ అనే చిన్న ఊళ్లో థామస్ డే పనిశాల ఉండేది. 1801లో పుట్టిన స్వతంత్ర నల్లజాతీయుడు. బయటి రాష్ట్రపు స్వతంత్ర నల్లజాతీయులు లోనికి రాకూడదన్న చట్టం వల్ల, వర్జీనియా నుంచి భార్యను తెచ్చుకోవడానికి 1830లో ఊరి తెల్లవాళ్లు శాసనసభకు అర్జీ పెట్టవలసి వచ్చింది. 1850 నాటికి అతనిది రాష్ట్రంలో అతిపెద్ద సామాను పనిశాల. మెట్ల స్తంభాల మీద, పొయ్యి చట్రాల మీద అతను తీసిన అలల వంపులు ఎవరి నమూనా పుస్తకంలోనూ లేవు. ఆ ఇళ్లు కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. అతను స్వయంగా బానిసలను ఉంచుకున్నాడు, తెల్ల అప్రెంటిసులకు పని నేర్పాడు. బతకడానికి వేసిన ముసుగా, నమ్మకమా అన్నదాని మీద పరిశోధకులు ఇంకా ఒక మాటకు రాలేదు.